పావు మైలు కోసం ఎన్ని లక్షలు, ఎన్ని నెలలు?

షెడ్డు జవాబులు

(ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం డ్రాగ్ రేసు కార్ల గురించే వచ్చాయి. డ్రాగ్ రేసంటే తిన్నని ట్రాక్ మీద పావు మైలు ఎవరు ముందు దాటుతారన్న పోటీ. జవాబులు రాసేది ఎప్పటిలాగే అనంతపురంలో ఇంజిన్ రీబోరింగ్ షెడ్డు నడుపుతున్న మా మెషినిస్టు.)

అన్నా, ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ షాపు నడుపుతాను. వయసు 26. మా మామ వాడి పక్కన పెట్టేసిన 2004 మోడల్ మారుతి ఎస్టీమ్ ఉంది. దాన్ని డ్రాగ్ కారుగా మార్చి చెన్నైలో దించాలని కోరిక. చేతిలో 4 లక్షలున్నాయి. టర్బో కూడా వేయాలని ఉంది. వీడియోల్లో మూడు నెలల్లో అయిపోతుందంటున్నారు. నిజంగా ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది?
– పాఠకుడు, ప్రొద్దుటూరు

నాయనా, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి బలం పెంచే సామాను) మాట కాసేపు పక్కన పెట్టు. ఇంజిన్ జోలికి పోకముందే నీ 4 లక్షల్లో ఎంత ఖర్చయిపోతుందో ముందు చూద్దాం.

ముందు రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొట్టినా లోపలివాడు నలిగిపోకుండా కాపాడే పైపుల చట్రం. పైపు, వంపులు, వెల్డింగు, నేలకు వేసే ప్లేట్లు కలిపి 80 వేల నుంచి లక్ష. ఎఫ్‌ఐఏ (ప్రపంచ కారు రేసుల సంస్థ) ముద్ర ఉన్న బకెట్ సీటు, ఆరు పాయింట్ల బెల్టు కలిపి 65 వేలు. ఫైర్ సూటు, గ్లవ్స్, బూట్లు, తలకు వేసుకునే ముసుగు, హెల్మెట్ అన్నీ కలిపి లక్షా పది వేలకు తగ్గవు. మంటలార్పే సిలిండరు, బయట నిలబడి కరెంటు ఆపే కటాఫ్ స్విచ్ ఇంకో 10 వేలు. ఇక్కడికే 2 లక్షల 75 వేలు అయింది. కారు ఇంతకు ముందుకంటే ఒక్క సెకను కూడా తొందరగా పోదు.

ఈ లెక్క చూడగానే అందరూ సెకండ్ హ్యాండ్ అంటారు. సూటు వరకు సరే. సీటు, బెల్టు కొనేటప్పుడు మాత్రం లేబుల్ మీద ఏడాది చూడు. ఎఫ్‌ఐఏ సీటుకు, బెల్టుకు గడువుంటుంది, మామూలుగా 5 ఏళ్లు. గడువు తీరిన బెల్టు చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. దాన్ని అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే అమ్ముతున్నాడు. రేసు రోజు కారును, సామానును తనిఖీ చేసే స్క్రూటినీ టేబుల్ దగ్గర వాళ్లు మొదట చూసేది ఆ లేబులే. హెల్మెట్ కూడా అంతే. బైక్ హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా లోపలి బట్ట మంటను తట్టుకోవాలన్న రూలేమీ లేదు. కారు రేసుకు హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ వాళ్ల ‘ఎస్‌ఏ’ స్టిక్కరు ఉన్నదే కావాలి. ‘ఎం’ అని ఉంటే అది మోటార్‌సైకిల్‌ది.

ఇక కారు. ఎస్టీమ్ మంచి బండి, నీ అదృష్టం. దాని 1300 సీసీ ఇంజిన్‌ను మన దేశంలో రేసు మెకానిక్కులు ఏళ్ల తరబడి విప్పి బిగించారు, అంతు తెలుసుకున్నారు. ఊరికే వచ్చింది కాబట్టి కొనుగోలు ఖర్చు తప్పింది. ఇంజిన్ విప్పి రీబోర్, పిస్టన్ రింగులు, బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వు సీట్లు, గ్యాస్కెట్లు అన్నీ కొత్తగా చేయిస్తే 50, 60 వేలు. గట్టి క్లచ్‌కు 20 వేలు. బ్రేకులు, షాకులు, బుష్‌లు, ముందు రెండు మెత్తని టైర్లకు 60 వేలు. మొదటిసారి కారును ట్రాలీ మీద ఎక్కించి తీసుకుపోవడం, ఎంట్రీ ఫీజు, లైసెన్సు, నలుగురి తిండి, లాడ్జి కలిపి 40, 50 వేలు. కూడుకో. 4 లక్షల 55 వేల దాకా అవుతుంది. బోల్టులు, హోసులు, ఆయిల్, రెండోసారి కొనాల్సి వచ్చే గ్యాస్కెట్లు అని చిల్లర ఖర్చు నూటికి 15 వేసుకో. ఐదు లక్షల పాతిక వేలు చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు. ఇవి మా దగ్గరి రేట్లు. మీ వైపు అటూ ఇటూ ఉండొచ్చు.

టర్బో వేస్తే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, పెద్ద ఇంజెక్టర్లు, ఇంధన పంపు, విడి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు), డైనో (బలం కొలిచే మిషన్) మీద ట్యూనింగ్ అన్నీ వరసగా వస్తాయి. పైన చెప్పిన మొత్తానికి ఇంకో అంత పెట్టుకో. దానికి తగ్గ గేర్‌బాక్సు లేకపోతే అదీ పోతుంది. అందుకే మొదటి కారుకు వద్దంటున్నాను.

దానికి బదులు బరువు తీయి, అది నీ చేతుల్లో ఉన్న పని. డ్రాగ్ రేసర్లు వాడే ఒక పాత లెక్కుంది: కారు, మనిషి కలిపి బరువును కేజీల్లో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించు, దాని ఘనమూలాన్ని 7.58తో గుణించు. పావు మైలుకు, అంటే 402 మీటర్లకు, పట్టే సెకన్లు సుమారుగా వస్తాయి. ఎస్టీమ్ 875 కేజీలు, నువ్వు 70, ఇంజిన్ 85 హార్స్‌పవర్ అనుకుంటే 17 సెకన్లకు దగ్గర. 100 కేజీలు తీసేస్తే 16.3. టైర్లు జారకుండా, గేర్లు సరిగ్గా పడితేనే ఆ లెక్క. రోడ్డు టైర్లతో దానికంటే ఆలస్యమే అవుతుంది. అయినా 100 కేజీలు తీయడానికి అయ్యే ఖర్చు నీ చెమట, రెండు స్క్రాపర్ బ్లేడ్లు. వెనక సీటు, కార్పెట్లు, ఏసీ సామాను మొత్తం, స్టెప్నీ, డోరు ప్యాడ్లు, నేలకు అంటించిన నల్లటి తారు షీటు. ఆ షీటును హీట్ గన్‌తో వేడి చేసి గీకుతుంటే ముందు ఎడమ వైపు, కాళ్లు పెట్టే చోట, జాగ్రత్తగా చూడు. ఏసీ నీళ్లు కారి కార్పెట్ కింద నిలిచేది అక్కడే. పైకి పెయింటు బాగానే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే బిస్కెట్టులా విరిగి, కింద షెడ్డు నేల కనిపిస్తుంది. కేజ్ ముందు కాలు దిగాల్సింది సరిగ్గా అక్కడే. కాబట్టి టింకరింగ్ అయ్యాకే కేజ్.

ఇంకో మాట. ఎస్టీమ్ ముందు చక్రాలతో నడిచే కారు. స్టార్టింగ్ లైటు పడగానే ఎగిరి దూకితే బరువంతా వెనక్కి పోతుంది, లాగాల్సిన ముందు చక్రాలు తేలికై గిర్రున తిరుగుతాయి. అమెరికా వీడియోల్లో ముందు చక్రాలు గాల్లోకి లేచే కార్లను చూసి వెనక స్ప్రింగులు మెత్తగా చేయిస్తున్నారు మన పిల్లలు. నీ కారుకు పూర్తిగా తలకిందుల వ్యవహారం: వెనక గట్టిగా ఉండాలి, బరువు వెనక నుంచే ఎక్కువ తీయాలి.

ఇప్పుడు కాలం. మూడు నెలలు అన్నవాళ్ల వీడియోలో షెడ్డు వాళ్లదే, లేత్ వాళ్లదే, పగలంతా దాని మీదే ఉంటారు. నువ్వు రాత్రి తొమ్మిదికి షాపు మూసి వస్తావు. సామాను విప్పడం నెలలోపే అయిపోతుంది, అప్పుడు చాలా ఉత్సాహంగా ఉంటుంది. ఆ తర్వాత నువ్వు పని చేయవు, ఎదురు చూస్తావు. బ్లాకు నా లాంటివాడి దగ్గరికి వస్తుంది. వానలు మొదలై దుక్కులు దున్నే రోజుల్లో ఇచ్చావంటే ట్రాక్టర్ బ్లాకుల వెనక నీది లైన్లో ఉంటుంది. రైతు ట్రాక్టర్ ఆగితే శెనక్కాయ విత్తడం ఆగుతుంది, నీ కారు ఆగితే ఏమాగుతుంది? నేను మాత్రం ట్రాక్టరే ముందు చేస్తాను, చెప్పి మరీ చేస్తాను. ఎండాకాలంలో బోర్ బండ్ల కంప్రెసర్లు వస్తాయి. శీతాకాలంలో తెచ్చుకో.

బయటి దేశం సీటు, బెల్టు కస్టమ్స్‌లో ఆగితే ఇంకొన్ని వారాలు. కేజ్ కట్టేవాడికి కారు వదిలిపెట్టాలి, అతను పైపు తెప్పించాలి. ఈలోగా పెళ్లిళ్లు, పండగలు. అన్నీ చూస్తే పది నెలల నుంచి ఏడాది. అంతకంటే తొందరగా చేస్తానని ఎవరైనా అడ్వాన్సు అడిగితే, ఇంతకుముందు చేసిన కారు ఏదో ఒకటి చూపించమను.

ఆ ఏడాదిలో చేయాల్సిన పని ఇంకొకటుంది. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటారు రేసులను చూసే సంఘం) అనుమతితో జరిగే డ్రాగ్ మీట్‌కు ఒకసారి వెళ్లు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీకు కడప, తిరుపతి మీదుగా ఒక పూట ప్రయాణం. ఇంజిన్ సీసీని బట్టి, చేసిన మార్పులను బట్టి క్లాసులుంటాయి. ప్రతి మీట్‌కూ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అని ఒక పత్రం వేస్తారు. ఏ క్లాసుకు కేజ్ తప్పనిసరి, ఏ టైరు ఒప్పుకుంటారు అన్నది అందులో ఉంటుంది. అది చదవకుండా కొన్న ప్రతి సామానూ జూదమే. అక్కడ స్టార్టింగ్ లైన్ పక్కన నిలబడి చూడు. లైటు పచ్చగా అయ్యాక కారు కదలడానికి డ్రైవర్ తీసుకున్న సమయం వేరు, కదిలాక 402 మీటర్లు దాటిన సమయం వేరు. రెండూ విడివిడిగా స్లిప్పు మీద వస్తాయి. అర సెకను నిద్రపోయినవాడు ఎక్కువ హార్స్‌పవర్ పెట్టుకుని కూడా ఓడిపోతాడు. పచ్చ పడకముందే కదిలితే ఎర్రలైటు, ఆ రన్ పోయినట్టే. దీనికి లక్షలు అక్కర్లేదు. మార్పులు లేని కార్లకు క్లాసు ఉంటే, నీ స్నేహితుడి కారు అతని ఒప్పుదలతో దించి నాలుగు రన్‌లు తీసుకో. ఆ స్లిప్పులు దాచుకుని, తర్వాతే టర్బో గురించి నాకు రాయి.

మాది నంద్యాలలో గేట్లు, గ్రిల్సు చేసే వర్క్‌షాపు. స్నేహితుడు తన కారుకు రోల్ కేజ్ వేయమంటున్నాడు. రెండంగుళాల జీఐ పైపు మా దగ్గరే ఉంది. మందంగానే ఉంది కదా, వాడొచ్చా?
– పాఠకుడు, నంద్యాల

వాడొద్దు. జీఐ పైపు నీళ్లు పోయడానికి చేసింది. రేకును చుట్టి పొడవునా అతుకు వేసి, పైన జింకు పూత పూస్తారు. వెల్డింగు చేస్తే జింకు పొగ నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అతుకులో బుడగలు మిగులుతాయి. కారు పల్టీ కొట్టినప్పుడు పైపు అతుకు దగ్గర చీలితే, ఆ చీలిన అంచు లోపల కూర్చున్నవాడి వైపే తిరుగుతుంది.

అడగాల్సింది సీడీఎస్ పైపు, అంటే అతుకు లేకుండా చల్లగా లాగి తీసిన ఉక్కు పైపు. ఎఫ్‌ఐఏ రూల్లో డ్రైవర్ వెనక నిలబడే ప్రధాన వంపుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50 వ్యాసం, 2 మందం. మిగతా పైపులు 38 వ్యాసం, 2.5 మందం, లేదా 40కి 2. ప్రధాన వంపు మధ్యలో అతుకు లేకుండా ఒకే పైపుతో రావాలి. ఇసుక నింపి గ్యాసుతో కాల్చి వంచితే వంపు లోపలి వైపు ముడతపడుతుంది. ముడత కనిపించిందంటే ఆ పైపు గేటుకు వాడుకో. మ్యాండ్రెల్ బెండర్ (పైపు లోపల కడ్డీ పెట్టి ముడతపడకుండా వంచే మిషన్) ఉన్నవాళ్ల దగ్గర వంచించి, అతకడం నువ్వు చేసుకో.

కేజ్ కాళ్లను నేరుగా కారు నేల రేకుకు అతికిస్తే దెబ్బ తగిలినప్పుడు కాలు రేకును చీల్చుకుని కిందికి దిగుతుంది. కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు ముందు బాడీకి అతికించి, దాని మీద కాలు నిలబెట్టు. కొలతలు తీసుకునేటప్పుడు నీ స్నేహితుణ్ని హెల్మెట్ పెట్టించి, బెల్టు బిగించి, అసలు సీట్లోనే కూర్చోబెట్టు. స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచిన కేజ్‌లు మా షెడ్డుకు వచ్చాయి, హెల్మెట్ పెట్టుకుంటే తల పైపుకు తగులుతుంది.

నీ వెల్డింగు మీద నాకు అనుమానం లేదు. ముక్క పైపులు రెండు అతికి, వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టి చూడు. అతుకు కాకుండా పైపు వంగితే మొదలుపెట్టు.

ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే ఇంజిన్ వేగం తొందరగా ఎక్కుతుందని, మా ఊరి లేత్‌లో వెయ్యి రూపాయలకే గీసిస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?
– పాఠకుడు, ఎమ్మిగనూరు

ఫ్లైవీల్ అంటే ఇంజిన్‌కు, క్లచ్‌కు మధ్య తిరిగే బరువైన చక్రం. ఆ వెయ్యి రూపాయల పని నేనూ చేయగలను, చేయను. కారణం చెప్తాను.

డ్రాగ్ రేసుల్లో డాన్ గార్లిట్స్ అని అమెరికా ఆయన పెద్ద పేరు. 1970లో స్టార్టింగ్ లైన్ దగ్గరే ఆయన కారు ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పటిదాకా ఆ కార్లలో ఇంజిన్ ముందు, డ్రైవర్ వెనక, గేర్లు, క్లచ్ కాళ్ల మధ్య. ఆస్పత్రి నుంచి వచ్చి ఆయన ఇంజిన్‌ను వెనక్కి పెట్టి కొత్త కారు కట్టాడు, 1971లో దానితోనే గెలిచాడు. తర్వాత అందరూ అదే పద్ధతికి వచ్చారు. నీ కారులో క్లచ్, ఫ్లైవీల్ ఎక్కడున్నాయో బానెట్ ఎత్తి చూసుకో, నీ పాదాలకు దూరమేమీ కాదు.

కంపెనీ ఫ్లైవీల్ పోత ఇనుము. ఏళ్ల తరబడి క్లచ్ వేడికి దాని ముఖం మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లు కంటికి ఆనవు. మా షెడ్డులో మూడు స్ప్రే డబ్బాలుంటాయి. ఒకదానితో కడిగి, రెండోదాని ఎర్ర ద్రవం చల్లి, కాసేపయ్యాక తుడిచి, మూడోదాని తెల్ల పొడి చల్లుతాం. పగులుంటే లోపలికి దిగిన ఎరుపు ఆ తెలుపు మీదికి ఊరుతుంది. బోల్టు రంధ్రం నుంచి బయటికి వెంట్రుకంత గీత, చూస్తుండగానే పొడవవుతుంది. అలాంటిదాన్ని ఇంకా పలచగా గీసి 7,000 ఆర్‌పీఎం తిప్పమంటున్నావు. పలచటి ఫ్లైవీల్ కావాలంటే ఉక్కు బిల్లెట్ (గట్టి దిమ్మె)తో చేసినది కొను, బ్యాలెన్సింగ్ చేయించు. బిల్లు వెయ్యికి చాలా ఎక్కువే వస్తుంది.

మా అబ్బాయి అనంతపురంలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. రేసు కారు కడతాను, 3 లక్షలు కావాలని ఒకటే పోరు. వాళ్ల నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్. మీరు చెబితే వింటాడేమోనని రాస్తున్నాను.
– ఒక తల్లి, కడప జిల్లా

అమ్మా, పొలం మీద అప్పు మాత్రం తేనివ్వకండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకున్నా 3 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. కారు పూర్తయ్యేసరికి దాదాపు ఒక కేజ్ ఖర్చు వడ్డీకే పోతుంది. పైగా సగం కట్టిన రేసు కారును ఎవరూ కొనరు. కోసిన బాడీకి తుక్కు రేటే.

అబ్బాయి కోరిక తప్పు కాదు, దారి వేరే ఉంది. విద్యార్థులే జట్టుగా బండి కట్టి పోటీకి తీసుకెళ్లే బాజా అనే పోటీని ఎస్‌ఏఈ ఇండియా అనే ఆటో ఇంజినీర్ల సంఘం 2007 నుంచి నడుపుతోంది. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో చాలాసార్లు జరిగింది. వాళ్ల కాలేజీలో జట్టు ఉంటే చేరమనండి, లేకపోతే లెక్చరర్‌ను అడిగి కట్టమనండి. పైపు వంచడం, స్పాన్సర్ కాళ్లు పట్టుకోవడం, బిల్లులు రాయడం, అర్ధరాత్రి గొడవపడి పొద్దున కలిసి పనిచేయడం అన్నీ అక్కడే వస్తాయి. ఖర్చు పాతికమంది పంచుకుంటారు. బస్సెక్కి ఆదివారం మా షెడ్డుకు వస్తే చేతికి గ్రీజు అంటించి పంపిస్తాను, జీతం మాత్రం ఇవ్వను.

సార్, ట్రాక్‌లు అన్నీ దూరం. గుత్తి దగ్గర హైవే రాత్రి ఒంటిగంట తర్వాత ఖాళీగా ఉంటుంది. పోలీసులకు చెప్పి ఒక గంట వేసుకుంటే తప్పేంటి?
– పాఠకుడు, గుత్తి

పోలీసులకు చెప్తే సరిపోదు. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్. మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా. అనుమతి లేని మార్పులు చేసిన బండికి 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ రోడ్డు ఖాళీగా ఉంటుందని నీకెవరు చెప్పారు? అది నలభై నాలుగో నంబరు. లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీలు, డివైడర్ మీద గడ్డికి వచ్చే ఎనుములు, పక్కన లారీ ఆపి టైరు మార్చుకునే డ్రైవర్లు. ఈ ఉత్తరానికి ఇంతకంటే జవాబు లేదు.

కారుకు అంత ఖర్చయితే మా అన్న పాత ఆర్‌ఎక్స్ 100 ఉంది, బైక్ డ్రాగ్ చేయొచ్చా? తక్కువలో అవుతుందా?
– పాఠకుడు, ఆదోని

అవుతుంది. నాలుగో వంతు ఖర్చులో, నాలుగో వంతు కాలంలో. రెండు స్ట్రోకుల ఇంజిన్, హెడ్డులో వాల్వులు లేవు, హెడ్డు, బ్యారెల్ విప్పడానికి అరపూట చాలు. తోలు సూటు, మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ ఖర్చు తప్పదు, అక్కడ బేరం ఆడొద్దు. అయితే ఆ బండి 1996లో ఆగిపోయింది, ఇప్పుడు కంపెనీ సైలెన్సర్‌తో, అసలు బ్యారెల్‌తో ఉన్న ఆర్‌ఎక్స్ 100కు ఎంత రేటు పలుకుతుందో మీ అన్నకు తెలుసా? పోర్టింగ్ (లోపలి గాలి దారులను పెద్దవి చేయడం) అని బ్యారెల్‌ను గీకేసే ముందు అతన్ని అడుగు. ఒరిజినల్ బ్యారెల్‌కు గుడ్డ చుట్టి అటకెక్కించి, రేసుకు వేరే బ్యారెల్ కొనుక్కో.